పెద్దవాళ్లను కూర్చోబెట్టేయకండి: బ్యాలెన్స్ గురించి కొన్ని మాటలు

(వయోవృద్ధుల సంఘం సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలకు కూడా వినిపిస్తోంది కదా. ముందు మీ చేత ఒక చిన్న పని చేయిస్తాను. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా కట్టుకుని, కుర్చీ చేతుల్నిగానీ పక్కవాళ్లనుగానీ పట్టుకోకుండా ఒక్కసారి లేచి నిలబడండి. ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, తల తిరుగుతున్నవాళ్లు వద్దు, కూర్చునే ఉండండి. సరే, ఇక కూర్చోండి. రెండు మూడుసార్లు ముందుకు ఊగితేగానీ లేవలేకపోయినవాళ్లు కొందరున్నారు, చెయ్యి దానంతటదే ముందు కుర్చీ మీదికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. పడిపోవడం అనేది పడిన రోజున మొదలవదండీ, ఇలా లేవడం కష్టమైన రోజున మొదలవుతుంది. ఈ రెంటికీ మధ్య బోలెడంత టైముంటుంది, మనం వాడుకోనిది ఆ టైమునే.

నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామంది చెప్పేది ఇలా ఉంటుంది. అమ్మ బాత్రూములో జారింది, దేవుడి దయ వల్ల దెబ్బలేమీ తగల్లేదు, అప్పట్నుంచీ మేం ఆవిడని ఏ పనీ చెయ్యనివ్వడం లేదండీ, మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే ఇస్తున్నాం, బట్టలు ఆరెయ్యడానికి డాబా ఎక్కనివ్వం, గుడికి కూడా మాన్పించేశాం. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్ చేసిన ప్రతిసారీ ‘అమ్మా, నువ్వు కదలకు’ అనే చెబుతాడు. ఇదంతా ప్రేమే, కాదనను. కానీ కొన్ని నెలలు తిరిగేసరికి ఆవిడ తొడ కండరాలు చిక్కిపోతాయి, చీలమండ కీలు బిగుసుకుంటుంది, అడుగు చిన్నదవుతుంది, పాదం పైకి లేవకుండా నేలకి రాసుకుంటూ నడుస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా పడతానేమో అనే భయం పెరుగుతుంది. ఆ తరవాత పడితే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ దాకా వెళుతుంది. పడకుండా కాపాడదామని కూర్చోబెట్టాం, ఆ కూర్చోబెట్టడమే మళ్లీ పడటానికి దారి వేసింది. ఇవాళ ఇక్కడికి వచ్చింది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

ఈ భయాన్ని మనం లెక్కలోకి తీసుకోం గానీ, వైద్యంలో దీన్ని కొలుస్తారు. మేరీ టినెట్టి అనే అమెరికన్ డాక్టరు, ఆవిడ సహచరులు 1990లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. స్నానం చేయడం, అలమరలోంచి వస్తువు తీయడం, మంచం మీదినుంచి లేవడం, తలుపు తీయడానికి వెళ్లడం లాంటి మామూలు పనులు చెప్పి, పడిపోకుండా ఈ పని చేయగలనని మీకు ఎంత నమ్మకం ఉందో అడుగుతారు. నేనూ అడుగుతుంటాను. కాళ్లలో బలం బాగానే ఉండి నమ్మకం పూర్తిగా పోయినవాళ్లను చూస్తుంటాను, వాళ్లు గోడ పట్టుకునే నడుస్తారు, గోడ లేని చోటికి వెళ్లరు, పెళ్లిళ్లకు వెళ్లరు, నెమ్మదిగా మనుషులకే దూరమవుతారు.

సమస్య ఎంత పెద్దదో ఒక్క అంకె చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. అనుకోని ప్రమాదాల వల్ల కలిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరవాతి స్థానం దీనిదే. వాటిలో 80 శాతానికి పైగా మనలాంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి, ప్రాణాలు పోయేవాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. రోడ్డుకి హెల్మెట్ ఉంది, సీటు బెల్టు ఉంది, దీనికేమో ‘వయసైపోయింది కదండీ’ అని సరిపెట్టుకుంటున్నాం.

ఇప్పుడు అసలు మనిషి నిలబడటం ఎలా జరుగుతుందో చూద్దాం. మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు అందుతూ ఉంటుంది. కళ్లు, లోపలి చెవి, ఇంకోటి అరికాళ్లు, కీళ్లు, కండరాలు. ఈ మూడింటినీ కలిపి చూసుకుని మెదడు, ముఖ్యంగా చిన్నమెదడు, క్షణక్షణం కండరాల్ని సర్దుతుంది. ఒకటి కాస్త తగ్గినా మిగతా రెండూ నెట్టుకొస్తాయి, అందుకే చాలాకాలం మనకి తెలియదు. కళ్లజోడు పాతబడింది, అరికాళ్లలో స్పర్శ తగ్గింది, అయినా పగటిపూట బాగానే తిరుగుతారు. రాత్రి కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది.

19వ శతాబ్దంలో జర్మనీలో రోంబర్గ్ అనే డాక్టరు ఉండేవారు. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకోమని చెప్పి, తూలుతున్నారా అని చూసే పరీక్ష ఆయన పేరుతోనే ఉంది, ఇప్పటికీ ప్రతి నరాల డాక్టరూ చేస్తారు. మీరు ఇంట్లో ఇది గమనించవచ్చు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు గానీ, తలంటు పోసుకునేటప్పుడు గానీ ఒక పక్కకి తూలిపోతున్నట్టు ఉంటే, అరికాళ్ల నుంచి వచ్చే కబురు తగ్గిపోయి మీరు కళ్ల మీదే ఆధారపడి నిలబడుతున్నారని అర్థం. చాలామంది దీన్ని బీపీ అనుకుని వదిలేస్తారు.

అరికాళ్ల దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన దగ్గర షుగర్ చాలా ఎక్కువ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే పాదాల నరాలు దెబ్బతింటాయి. దూది మీద నడుస్తున్నట్టుందండీ అంటారు, చెప్పు జారిపోయినా తెలియలేదండీ అంటారు. ఈ రెండో మాట ఇంట్లో ఎవరైనా అంటే నవ్వి ఊరుకోకండి. ఇంకొకటి, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఎక్కువ కాలం వాడినవాళ్లలో కొందరికి విటమిన్ బీ12 తగ్గుతుంది, పూర్తి శాకాహారుల్లోనూ తగ్గే అవకాశం ఎక్కువ. బీ12 బాగా తగ్గితే నరాలు, వెన్నుపాము కూడా దెబ్బతిని నడక తడబడుతుంది. ఇది రక్తపరీక్షతో తేలిపోతుంది, త్వరగా పట్టుకుంటే మందుతో బాగుపడే అవకాశం ఎక్కువ. వయసు మీదికి నెట్టేసి ఊరుకుంటే ఆ అవకాశం చేజారిపోతుంది.

ఇక తల తిరగడం. పక్క మీద దొర్లితే ఇల్లంతా గిర్రున తిరిగింది, కాసేపటికి ఆగిపోయింది, మళ్లీ అటువైపు తిరిగితే మళ్లీ వచ్చింది అని చెబితే మాకు మొదట అనుమానం వచ్చేది లోపలి చెవి మీద. అక్కడ కాల్షియం కార్బొనేట్‌తో తయారైన సన్నటి రేణువులు ఉంటాయి, అవి ఉండాల్సిన చోటినుంచి ఊడి అర్ధవృత్తాకార నాళాల్లోకి జారితే ఇలా అవుతుంది. దీనికి తలను ఒక వరసలో అటూ ఇటూ తిప్పి ఆ రేణువుల్ని మళ్లీ వాటి చోటికి పంపే పద్ధతి ఉంది, అమెరికాలో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు కనిపెట్టారు, చాలామందికి ఒకటి రెండు సార్లకే తగ్గిపోతుంది. కానీ మన దగ్గర ఏం జరుగుతోందంటే, తల తిరుగుడు మాత్ర అని ఒకసారి రాసిచ్చింది మెడికల్ షాపులో అడిగి ఏళ్ల తరబడి వాడేస్తున్నారు. సిన్నరిజైన్, ప్రోక్లోర్‌పెరజైన్ లాంటి మందులు పెద్దవయసులో ఎక్కువ రోజులు వాడితే కొందరిలో చేతులు వణకడం, నడక నెమ్మదించడం, అచ్చం పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బులాంటి లక్షణాలే రావచ్చు. తల తిరుగుతోందని మింగిన మాత్ర వల్లే పడిపోయే పరిస్థితి వస్తుందన్నమాట. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. దయచేసి మీకు మీరే ఆపేయకండి, డాక్టరుకు చూపించి ఇది ఇంకా అవసరమా అని అడగండి. నిద్రమాత్రల గురించి కూడా ఇదే ప్రశ్న అడగండి.

పడుకుని లేవగానే కళ్లు బైర్లు కమ్మడం వేరే సంగతి. లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే దాన్ని పట్టించుకోవాలి. బీపీ ఎప్పుడూ కూర్చోబెట్టే చూస్తారు కదా, ఒకసారి నిలబెట్టి కూడా చూడమని అడగండి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, అప్పుడు లేవండి.

పార్కిన్సన్స్ గురించి కాస్త వివరంగా మాట్లాడతాను, ఇక్కడ ఆ కుటుంబాలు ఉన్నాయని నిర్వాహకులు చెప్పారు. లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే ఆయన 1817లో ఈ జబ్బు గురించి రాశారు. అందరికీ తెలిసింది వణుకు, కానీ మనిషిని పడేసేది ఎక్కువగా వణుకు కాదు. నడుస్తూ నడుస్తూ గడప దగ్గరో, ఇరుకు సందులోనో, వెనక్కి తిరిగేటప్పుడో పాదాలు నేలకి అంటుకుపోయినట్టు ఆగిపోతాయి. పైభాగం ముందుకు వెళ్లిపోతుంది, కాళ్లు రావు, దబ్బున పడతారు. ఇంట్లోవాళ్లు ఏం చేస్తారంటే చెయ్యి పట్టి ముందుకు లాగుతారు, నడు నాన్నా నడు అని తొందరపెడతారు. అది ఇంకా బిగుసుకుంటుంది. లాగకండి. ఆగనివ్వండి, నిటారుగా నిలబడనివ్వండి, బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మార్చమనండి, ఆ తరవాత నేల మీద ఏదో ఒక గీత చూపించి దాని మీదినుంచి దాటమనండి. ఒకటి రెండు, ఒకటి రెండు అని లెక్క పెట్టండి, తాళం వెయ్యండి. అలవాటుగా దానంతటదే జరిగే నడక ఈ జబ్బులో దెబ్బతింటుంది, కానీ కంటికి కనబడే గీత, చెవికి వినబడే తాళం ఇస్తే మెదడు వేరే దారిలో ఆ పని చేయించగలుగుతుంది. గడప దగ్గర నేల మీద అడుగుకో రంగు టేపు అడ్డంగా అంటించి చూడండి. వెనక్కి తిరగాల్సి వస్తే ఒక్క కాలి మీద గిరుక్కున తిరగొద్దు, గేదెల బండి తిరిగినట్టు వెడల్పుగా తిరగాలి.

మందు పనిచేసే టైము, తగ్గిపోయే టైము వాళ్లకే తెలుస్తుంది. వ్యాయామం, స్నానం, బయటికి వెళ్లడం మందు బాగా పనిచేస్తున్న గంటల్లో పెట్టుకోండి. ఇంకో మాట, ఆయుర్వేదంలో కంపవాతానికి, అంటే ఈ జబ్బుకే, వాడే దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా అనే పదార్థం ఉంటుంది, పార్కిన్సన్స్‌కి వాడే ఇంగ్లీషు మందులో ఉండేదీ అదే. అందుకే డాక్టరుకు చెప్పకుండా రెండూ కలిపి వాడితే మోతాదు మన చేతిలో ఉండదు.

నడుస్తూ మాట్లాడటం గురించి కూడా చెప్పాలి. 1997లో స్వీడన్ పరిశోధకులు ఒక చిన్న విషయం గమనించి ప్రచురించారు, పక్కన నడుస్తున్న మనిషి పలకరిస్తే, జవాబు చెప్పడానికి నడక ఆపేసే పెద్దవాళ్లు ఆ తరవాతి నెలల్లో ఎక్కువగా పడుతున్నారని. నడకకే మెదడు పూర్తిగా ఖర్చయిపోతోందని దానర్థం. ఫోను మోగితే పరిగెత్తవద్దని అందుకే అంటాను, మోగనివ్వండి, తిరిగి చేసుకోవచ్చు.

పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లలో రెండు విషయాలు రోజూ చూస్తుంటాను. ఒకటి, చేతిలో మెత్తటి బంతి పెట్టి రోజంతా నొక్కిస్తారు, దాంతో నడక రాదండీ. నిలబడటం, చచ్చుపడిన వైపు కాలి మీద బరువు వెయ్యడం, కుర్చీలోంచి లేవడం, ఇవి పదేపదే చేస్తేనే మెదడు మళ్లీ నేర్చుకుంటుంది. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది కాబట్టి నూనె మర్దనాలు, నాటుమందుల కోసం తిరుగుతూ ఆ నెలలు పోగొట్టుకోకండి. ఆ తరవాత ఏమీ రాదని కూడా కాదు, నెమ్మదిగా వస్తుంది. రెండోది, లేపేటప్పుడు చచ్చుపడిన చెయ్యి పట్టి లాగుతారు. ఆ భుజం కీలు అప్పటికే వదులుగా ఉంటుంది, లాగితే జారుతుంది, ఇక ఆ నొప్పితో వ్యాయామమే చెయ్యనివ్వరు. బలహీనమైన వైపు మీరు నిలబడండి, చెయ్యి వదిలేసి నడుముకి కట్టిన బెల్టు పట్టుకోండి.

ఇంట్లో మిమ్మల్ని మీరు చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, 1991 నుంచి వాడుకలో ఉంది. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకారం 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. పక్కన ఒకరు ఉండాలి, తొందరపడి చేసేది కాదిది. ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడటం గురించి బ్రెజిల్ పరిశోధకులు 2022లో ప్రచురించింది మీలో కొందరు వాట్సాప్‌లో చూసే ఉంటారు. 51 నుంచి 75 ఏళ్లవాళ్లను పరీక్షిస్తే సుమారు ఐదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు, అలా నిలబడలేనివాళ్లలో తరవాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. నిలబడలేకపోతే చనిపోతారని కాదు దానర్థం, భయపడకండి. శరీరంలో చాలా వ్యవస్థలు ఎలా ఉన్నాయో ఆ పది సెకన్లు చెబుతాయి, అంతే.

మరి ఏం చెయ్యాలి? ఇక్కడ పొద్దున్నే పార్కులో వాకింగ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, చాలా మంచిది, గుండెకీ షుగర్‌కీ మంచిది. కానీ పడకుండా ఉండటానికి వాకింగ్ ఒక్కటే సరిపోదు. బ్యాలెన్స్ పెరగాలంటే బ్యాలెన్స్‌కి కాస్త కష్టం కలగాలి, కొద్దిగా తూలే పరిస్థితిలో శరీరాన్ని పెట్టి, తట్టుకోవడం నేర్పించాలి. వ్యాయామం మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి, కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థది, 2019లో వచ్చింది, వ్యాయామం వల్ల పడటాలు 23 శాతం తగ్గాయి, అందులో బ్యాలెన్స్ వ్యాయామాల పాత్రే పెద్దది. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయంవాళ్లు ఇంట్లోనే చేసుకునేలా తయారుచేసిన పద్ధతిలో 35 శాతం తగ్గాయి, ఎక్కువ లాభం పొందింది 80 దాటినవాళ్లు. నాకు బాగా నచ్చే సంగతి అది, ఇంకేం చేస్తాంలే అని మనం వదిలేసే వయసు అది.

మీ వంటింట్లో గ్యాస్ గట్టు ఉంది కదా, స్టవ్ ఆపేసి, దాన్ని పట్టుకుని మడమలెత్తి దింపండి, తరవాత వేళ్లెత్తి మడమల మీద నిలబడండి. గట్టు వెంబడి పక్కకి అడుగులు వేస్తూ ఆ చివరికీ ఈ చివరికీ వెళ్లండి. ఒక పాదం ముందు ఇంకో పాదం మడమకి వేలు తగిలేలా పెట్టి నిలబడండి. మొదట రెండు చేతులతో పట్టుకోండి, తేలికైతే ఒక చేత్తో, ఆ తరవాత వేలి కొసలతో. తేలికైపోయిన వ్యాయామం వల్ల ఇక లాభం ఉండదు, దాన్ని కాస్త కష్టం చెయ్యాలి, అది మీ ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం రోజూ చెయ్యండి. మోకాళ్లు సహకరిస్తే నేల మీద కూర్చుని లేవడం మానకండి, పీట మీద మొదలుపెట్టినా సరే.

పడితే ఎలా లేవాలో కూడా ముందే నేర్చుకోవాలి. వెంటనే లేవకండి, ఎక్కడ దెబ్బ తగిలిందో చూసుకోండి. ఏమీ లేకపోతే పక్కకి దొర్లి, చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి లేచి, పాకుతూ మంచం దగ్గరికో కుర్చీ దగ్గరికో వెళ్లి, దాని మీద చేతులు వేసి ఒక పాదం నేల మీద పెట్టి పైకి లేవాలి. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉండి, కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయినట్టు కనిపిస్తే మాత్రం ఎవరూ లేపొద్దు, అంబులెన్స్ పిలవండి.

ఇల్లు గురించి రెండు మాటలే. బాత్రూములో టవల్ రాడ్ పట్టుకుని లేవకండి, అది ఊడొస్తుంది, గోడలోకి దిగేసిన, పట్టుకునే గట్టి కమ్మీ పెట్టించండి. పసుపు రాసిన పాత గడప కళ్లకు స్పష్టంగా కనిపించేది, ఇప్పుడు టైల్స్ రంగులోనే గడప పెడుతున్నారు, మసక చూపుకి అది కనిపించదు, దానికి రంగు వెయ్యండి. అరిగిపోయిన రబ్బరు చెప్పులు పారెయ్యండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర అమ్మగారు... మైకు ఇవ్వండి. ఆవిడ అడుగుతున్నది, వాళ్లాయనకి చేతికర్ర ఇస్తే నామోషీగా ఉందని పట్టుకోవడం లేదట. చాలామంది ఇళ్లలో ఉన్నదే అమ్మా. కర్ర ఆయన ఎత్తుకి సరిపోయిందా చూడండి, నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలినప్పుడు పిడి మణికట్టు దగ్గరికి రావాలి. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. తప్పు ఎత్తు, తప్పు చెయ్యి అయితే కర్ర నిజంగానే అడ్డంగా ఉంటుంది, అప్పుడు ఆయన వద్దనడంలో న్యాయం ఉంది. సరిచేశాక ఆయనకి ఇష్టమైన చోటికి, రచ్చబండకో లైబ్రరీకో, కర్రతో తీసుకెళ్లండి.

ఇంకొకరు, యోగా చెయ్యొచ్చా అని. చెయ్యొచ్చు, గోడ పక్కన చెయ్యండి. నెమ్మదిగా బరువు మార్చుతూ చేసే తై చీ అనే చైనా వ్యాయామం పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో బ్యాలెన్స్ మెరుగుపరిచిందని, పడటాలు కూడా తగ్గించిందని 2012లో ఒక పెద్ద అధ్యయనం చూపించింది. నేర్పేవాళ్లకు మీ జబ్బులన్నీ ముందే చెప్పాలి, ఎముకలు గుల్లబారినవాళ్లు నడుము బాగా వంచే ఆసనాలు వద్దు.

ఆఖరి ప్రశ్న, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి అని. ఎప్పుడు పడ్డారు, ఏ గదిలో, ఏం చేస్తుండగా, ముందు తల తిరిగిందా లేక కాలు తట్టుకుందా, పడబోయి తమాయించుకున్నవి కూడా కలిపి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, అడపాదడపా వేసుకునేవీ, ఆయుర్వేదం మందులూ, పక్కింటివాళ్లు ఇచ్చినవీ కూడా ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పరిచెయ్యండి.